గున్నమ్మ పిడికిలి

గున్నమ్మ చచ్చిపోయి ఏళ్లు గడిచాయి. ఆ పొద్దు ఆమె మళ్లీ పత్తి దువ్వడం మొదలుపెట్టింది, కూతురి కుడి చెవిలో.

లక్ష్మణమ్మ రాట్నం ఆపింది. కదురు ఆగింది. చప్పుడు మాత్రం ఆగలేదు. సర్... సర్... సర్. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వితే వచ్చే చప్పుడది. పొందూరు చుట్టుపక్కల నూలు వడికే ఇళ్లలో పుట్టినవాళ్లు దాన్ని నిద్రలో కూడా గుర్తుపడతారు. అందులోనూ ఒక్కో చేతిది ఒక్కో వరస. గున్నమ్మ రెండుసార్లు పొడుగ్గా లాగి, మూడోసారి పొట్టిగా విదిలించేది. చెవిలో వినబడుతున్నది అదే వరస.

"తాయారూ, పత్తి దువ్వుతన్నావేటే?"

కోడలు పెరట్లోంచి తడిచేతులతో వచ్చింది. "గిన్నెలు తోముతన్నాను గదత్తా. పొద్దున్నే పత్తేటి?"

లక్ష్మణమ్మ తల దించింది. ఒళ్లో ఉన్న దవడని చూసుకుంది. బెత్తెడు ఎముక, అంచు పొడుగునా ఇసక రేణువుల్లాంటి పళ్లు. ఏళ్ల తరబడి చేతి చెమట తాగి తేనెరంగుకి తిరిగింది. అది గున్నమ్మదే. ఆ సంగతి లక్ష్మణమ్మకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉంది. వడికే మనిషి పోతే ఆమె దవడని అస్థికలతోపాటు నాగావళిలో కలపాలి. ఏటి చేప ఎముక ఏటికే పోవాలి. గున్నమ్మ పోయినప్పుడు లక్ష్మణమ్మ ఏట్లో వేసింది ఒక పాత విరిగిన దవడని. అంత సన్నపళ్ల దవడ మళ్లీ దొరకదు. సన్న నూలు తీసే చేతికి అది లేకపోతే పనే లేదు. ఆ ఒక్క దొంగతనమే అయితే ఇంత భయం ఉండేది కాదు. దాన్ని ఆమె తల్లి శవం పిడికిట్లోంచి తీసుకుంది, బిగిసిన వేళ్లని ఒక్కొక్కటే విడదీసి.

సర్... సర్... సర్.

చెవిలో దురద లేచింది. లక్ష్మణమ్మ ఎప్పటిలాగే దవడ కొసని లోపలికి పోనిచ్చి మెల్లగా తిప్పింది. అది అమ్మ దగ్గర్నుంచి వచ్చిన అలవాటే. దువ్వడం అయ్యాక గున్నమ్మ కూడా కళ్లు మూసుకుని అలాగే తిప్పుకునేది. కొస తగలగానే చప్పుడు ఆగిపోయింది.

తన వస్తువు తనకి ఆనిస్తే అమ్మ సద్దుమణుగుతోంది. లక్ష్మణమ్మకి అలా అర్థమైంది. ఆ అర్థమే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

దురద పోటుగా మారింది. పోటు చెవి వెనకనుంచి దవడలోకి, దవడనుంచి మెడలోకి దిగింది. అన్నం నమలాలంటే కళ్లమ్మట నీళ్లు. చీము కారుతుంటే, వడకడానికి చుట్టిన పత్తి ఏకు తుంచి చెవిలో పెట్టుకునేది. ఆ ఏకు బయటికి తీస్తే నెమలి మెడ రంగు, తీపి వాసన. మల్లెపువ్వులాంటి పొందూరు పత్తికి అలాంటి రంగు ఎక్కడం తాయారు ఎన్నడూ చూడలేదు. అత్త ఆ ఏకుల్ని గుట్టుగా పొయ్యిలో వేసేది.

ఒకనాడు చోడంబలి తాగుతుంటే సగం అంబలి మూతి పక్కనుంచి జారి చీర మీద పడింది.

"ఓలమ్మో!" అంది తాయారు. "అత్తా, నీ నోరు!"

లక్ష్మణమ్మ తడుముకుంది. కుడివైపు మొహం వేరే ఎవరిదో అయినట్టుంది. కుడికన్ను మూతపడటం లేదు. ఆమెకి అద్దం అక్కర్లేదు. ఆ మొహాన్ని ఆమె ఇదివరకే చూసింది. గున్నమ్మకి అలాగే మొదలైంది. ముందు మూతి, తరవాత మింగుడు, తరవాత మాట. మాట పోయాక ఎన్నాళ్లో బతకలేదు.

ఊళ్లోవాళ్లూ మరిచిపోలేదు. చీకట్లు పడకుండానే ఊళ్లో దెయ్యాలు విడిపించే జోగయ్య తాయెత్తు పట్టుకుని వచ్చాడు. "తల్లి పట్టింది. ఏదో అడగతన్నాది. ఇచ్చీవరకూ వదల్దు," అన్నాడు.

లక్ష్మణమ్మ చెయ్యి అప్రయత్నంగా బొడ్లోకి పోయింది. దవడ అక్కడే ఉంది. ఇచ్చేస్తే? కానీ అమ్మ దవడతోనే ఊరుకుంటుందా? దొంగిలించిన చేతిని కూడా పట్టుకుపోతుందేమో.

"తాయెత్తు కట్టీ మావా," అంది తాయారు. "కట్టీసి అవతలికి జరుగు. రైలుకి టయమవుతాది."

"ఎక్కడికే?"

"ఇజీనారం. నీ కొడుకు కబురంపేడు గదత్తా, కోట ఎనక సెవుల డాక్టరున్నాడని. నెల్లిమర్ల మిల్లులో ఆడి పక్కోడికి సెవి బాగు సేసేడంట."

"అమ్మ కోపమొస్తాదే."

"ఆయమ్మకి కోపమొస్తే ఆయమ్మనీ ఎక్కించుకుపోదాం. ఇంకో టిక్కట్టు తీస్తాను. లెగు."

విజయనగరంలో డాక్టర్ నరసింగరావు అరచెయ్యంత అద్దాన్ని నుదుటికి కట్టుకుని, చాలాసేపు ఆ చెవిలోకి చూశాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చెవి దొప్ప కింద వేలు పెట్టి నొక్కితే లక్ష్మణమ్మ బెంచీ మీదనుంచి లేచిపోయింది. చెవి గొట్టం అడుగున ఎర్రటి కండ పెరిగి ఉంది. కొంచెం తుంచి సీసాలో వేశాడు.

"విశాఖపట్నం పంపుతాను. కేన్సరు కావచ్చు, కాకపోవచ్చు. ఉచ్చకి చీమలు పడతాయా?"

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పడతాయి బాబూ," అంది తాయారు. "ఈవిడికే కాదు, ఈవిడి తల్లికీ పట్టేవంట."

కాంపౌండరు నీలం మందులో ఉచ్చ చుక్కలు వేసి కాచాడు. మందు ఇటికరాయి రంగుకి తిరిగింది. డాక్టరు ఆ గాజు గొట్టాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూశాడు. తరవాత చెవిలోంచి తీసిన దూదిని కూడా అలాగే చూశాడు. ఆ పచ్చరంగుని అంతసేపు చూస్తూ నిలబడితే తాయారుకి భయం వేసింది.

విశాఖపట్నంనుంచి జవాబు వచ్చింది. కేన్సరు కాదు. తాయారు దణ్ణం పెట్టింది. డాక్టరు మొహం మాత్రం తేలికపడలేదు.

"అమ్మా, ఇది చెవి జబ్బు కూడా కాదు. చెవిలోంచి లోపలికి దిగింది. మెదడు కింద, అది కూర్చున్న పీటలాగా ఒక ఎముక ఉంటుంది. ఆ ఎముకకి పట్టింది. చక్కెర జబ్బున్న పెద్దవాళ్లకి వస్తుందని కిందటేడే ఒక విదేశీ పత్రికలో చదివాను. నేను చూడటం ఇదే మొదలు."

"బతుకుతాదా బాబూ?" అంది తాయారు.

"ఎముకలోకి మందు తొందరగా ఎక్కదు. వారాల తరబడి సూదులు వెయ్యాలి. చక్కెరకి వేరే సూది. మందు కలకత్తానుంచి రావాలి. అది మూత్రపిండాలకి మంచిది కాదు, అందుకని ఇక్కడే నా కళ్లముందు ఉండాలి. ఊరికి వెళ్లడానికి లేదు."

లక్ష్మణమ్మ ఇదంతా ఎడమచెవితో విన్నది. కుడిచెవిలో గున్నమ్మ దువ్వుతూనే ఉంది.

ఆస్పత్రిలో పక్కమంచం అసిరమ్మది. కళింగపట్నం దగ్గర పల్లెలో చేపలమ్ముకునే మనిషి. గొంతులో ముల్లు దిగి, వాచి, చీము పట్టి వచ్చింది. మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు. ఆమె గుసగుసగా రోజంతా మాట్లాడేది.

"పుట్టినకాడ్నించీ సేపలే తింటన్నాను. ఈ కవ్వళ్ల సేప ముల్లు నా పీకలోనే ఇరుక్కోవాలా? మా బజార్లో తలెత్తుకోలేను అప్పా. నువ్వు నూలు వడుకుతావు గదా, నీకు పీకలో దారం ఇరుక్కుందేటి?"

లక్ష్మణమ్మకి నవ్వు వచ్చింది. నవ్వితే మొహం ఎడమకే పోయింది.

సూదులు మొదలైన కొన్నాళ్లకి పోటు తగ్గింది. రొట్టె పాలల్లో ముంచుకుని నమలగలిగింది. డాక్టరు రోజూ చెవి తుడిచి, మందు పూసిన గుడ్డపీలిక పెట్టి వెళ్లేవాడు. ఎముక మానుతున్నట్టే ఉందన్నాడు. ఆ మాట అన్న వారానికే పోటు మళ్లీ మొదలైంది. ఈసారి తల వెనక. చీము పచ్చగా, మరింత ఎక్కువగా. డాక్టరు మందు మోతాదు పెంచాడు. తగ్గింది. మళ్లీ వచ్చింది.

గుట్టుగా ఏం జరుగుతోందో ఆ గదిలో ఒక్కరికే తెలుసు. తెలిసినా, అదే కారణమని ఆమెకి తెలియదు.

ఒక మధ్యాహ్నం తాయారు బట్టలు ఉతకడానికి వెళ్లింది. గదిలో ఎండ పడుతోంది. లక్ష్మణమ్మ గోడవైపు తిరిగి, గుడ్డపీలిక పైకి లాగి, బొడ్లోంచి దవడ తీసింది. చప్పుడు చెవి నిండిపోతోంది. సర్... సర్... సర్. కొస లోపలికి పోనిచ్చింది. ఆగింది.

"ఏటే అప్పా అది?"

అసిరమ్మ మంచం మీద లేచి కూచుని చూస్తోంది.

"ఏటీ లేదు."

"నాకాడ అబద్దమాడకు. సేప దవడ నాకు తెలీదేటి? వాలుగది. సచ్చిన సేప బొమిక సెవిలో దూర్చుకుంతావేటి, నీకేటి మతిపోనాదా?"

"ఇది ఆనిస్తే అమ్మ ఊరుకుంతాది," అంది లక్ష్మణమ్మ.

"ఏ అమ్మ?"

"మా యమ్మ. సెవిలో దువ్వుతన్నాది. ఇది దానిదే. దాని సేతిలోంచి తీసేసుకున్నాను, సచ్చిపోనాక."

అసిరమ్మ నోరు తెరిచింది, మూసింది. దిగి, తన మంచాన్ని కిర్రుమంటూ గోడ దాకా జరుపుకుంది.

మర్నాడు డాక్టరు చెవి తుడుస్తూ చెయ్యి ఆపాడు. అద్దం సర్దుకున్నాడు. పట్టకారుతో లోపల్నుంచి ఏదో పట్టి లాగాడు. సన్నటి పత్తిపోగు.

"మా దూది ఇంత సన్నం కాదే," అన్నాడు. మళ్లీ చూశాడు. "లోపల గీతలున్నాయి. కొత్తవి. దువ్వెన పెట్టి గీసినట్టు వరసగా. అమ్మా, చెవిలో ఏం పెడుతున్నావు?"

"ఏటీ లేదు బాబూ."

అసిరమ్మ పైకప్పు చూస్తోంది. తాయారు అత్తని చూస్తోంది.

డాక్టరు కుర్చీ లాక్కుని ఎదురుగా కూచున్నాడు. "సరే. విను. చచ్చిన ఎముక లోపల ఉండిపోయింది. చెవి వెనక కోసి తీసెయ్యాలి. తీస్తాను. కానీ బయటినుంచి మళ్లీ మళ్లీ పుండు పడుతుంటే నేనేం తీసినా లాభం లేదు. ఆ పీటెముకకి బెజ్జాలుంటాయి. ఒక్కో బెజ్జంలోంచి ఒక్కో నరం బయటికొస్తుంది. మొహానికి పోయేది చెడింది. దాని పక్కవి గొంతుకి పోయేవి. మింగడానికీ, మాటకీ."

"మాట పోతాదా?"

"పోతుంది."

"మా యమ్మకీ అలగే పోనాది," అంది లక్ష్మణమ్మ.

ఆయన ముందుకి వంగాడు. మెల్లగా, ఒక్కొక్కటే అడిగాడు. చెవి కారేదా? కారేది. ఏ రంగు? ఇదే. ముందు మొహమా, మింగుడా? మొహం. చీమలు? పట్టేవి.

"మీ అమ్మనీ నిన్నూ ఏదీ పట్టలేదమ్మా," అన్నాడు చివరికి, ఆమె తాయెత్తు చూస్తూ. "నీకొచ్చిందే ఆవిడకీ వచ్చి ఉంటుంది. ఆ రోజుల్లో దీనికి పేరు కూడా లేదు. ఆవిడ చెవిలో ఏం పెట్టుకునేది?"

లక్ష్మణమ్మ గోడవైపు తిరిగింది. డాక్టరు కుర్చీ వెనక్కి పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లగానే చప్పుడు లేచింది. ఇదివరకటిలా కాదు. చెవి లోపల పత్తి బస్తాలు దువ్వుతున్నట్టు. తాయారు మందు తేవడానికి వెళ్లింది. లక్ష్మణమ్మ చెయ్యి బొడ్లోకి వెళ్లింది, దవడ పైకి వచ్చింది, కొస చెవి దాకా వచ్చింది.

అక్కడ ఆగిపోయింది.

అమ్మ ఆఖరి రోజు. చాప మీద గున్నమ్మ. ఈగ వాలినా తోలుకోలేని ఒళ్లు. పక్కన కూచుని తాను అమ్మ దవడతోనే పత్తి దువ్వుతోంది, ఆ వారం నూలు అప్పజెప్పాలి మరి. దువ్వడం అయింది. చెవి దురద పెట్టింది. దవడ కొస చెవిలో పెట్టుకుంది. అప్పుడు లేచింది అమ్మ చెయ్యి. ఎక్కడి బలమో, తన మణికట్టు పట్టుకుంది. దవడని లాగింది. గోళ్లు దిగి రక్తం వచ్చింది. మూతపడని ఆ కన్ను తన చెవినే చూస్తోంది. నోరు తెరుచుకుంది, మూసుకుంది, తెరుచుకుంది. గాలి తప్ప ఏమీ రాలేదు. చచ్చేదాకా ఆ పిడికిలి విప్పలేదు.

తన వస్తువు తనకి కావాలంటోంది కాబోలనుకుంది లక్ష్మణమ్మ. ఇన్నేళ్లూ అదే అనుకుంది.

అమ్మ అడగలేదు. లాక్కుంది. అది తన చెవి దగ్గరికి రాకుండా చచ్చేదాకా పట్టుకుంది. చచ్చాక తానే వేళ్లు విడదీసింది.

తాయారు మందు గ్లాసుతో వచ్చేసరికి అత్త పిడికిలి బిగించి కూచుని ఉంది.

"డాక్టరుబాబుని పిలుసుకురా."

"పోటా అత్తా?"

"పిలుసుకురా అంటన్నాను గదే!"

నరసింగరావు వచ్చాడు. లక్ష్మణమ్మ పిడికిలి చాచింది. విప్పడం అంత సులువు కాలేదు. చిటికెన వేలు, ఉంగరం వేలు, ఒక్కొక్కటే విడిచింది. దవడని చూసి తాయారు నోరు నొక్కుకుంది. డాక్టరు దాన్ని చేత్తో ముట్టుకోలేదు. పట్టకారుతో తీసి, పళ్ల వైపు ఎండకి తిప్పి, మూతున్న గాజు గిన్నెలో పెట్టాడు.

"మా యమ్మకి తెలిసిపోనాదంటారా బాబూ? దీనివల్లేనని?"

"నేను చెప్పలేనమ్మా," అన్నాడాయన.

కొన్నాళ్లకి ఒక చిన్న పళ్లెం తెచ్చి చూపించాడు. క్రిములు పెరగడానికి లోపల గంజిలా గడ్డకట్టిన మందు పోసి, దాని మీద దవడని ఒక్కసారి అద్దాడట. దవడ అద్దిన చోట పచ్చగా పెరిగింది. పళ్ల వరస వరసంతా, ఒక్క పన్ను తప్పకుండా, నెమలి మెడ రంగులో. ఎవరో కొరికినట్టు.

"నీ చెవిలోదీ ఇదే," అన్నాడు.

అసిరమ్మ తొంగి చూసి, "ఓలమ్మ!" అని దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

చెవి వెనక కోసి ఎముక తీశారు. ఉప్పు పలుకుల్లా చిన్నచిన్న ముక్కలు. సూదులు మళ్లీ మొదటికొచ్చాయి. ఆనించడానికి దవడ లేదు. చప్పుడు తెరిపి లేకుండా సాగింది. లక్ష్మణమ్మ మంచం కోళ్లు పట్టుకుని పడుకునేది. చెయ్యి చెవి దగ్గరికి వెళ్తే తాయారు పట్టుకునేది, తాయారు లేకపోతే అసిరమ్మ.

"సెయ్యి దించే అప్పా. మీ యమ్మ దువ్వితే దువ్వనీ. ఆవిడి పత్తి ఆవిడిష్టం."

అసిరమ్మ గొంతు మాని, వాపు తగ్గి వెళ్లిపోయింది. తరవాత ఒకనాడు వరసలో మూడో విదిలింపు వినబడలేదు. సర్... సర్... అంతే. ఇంకొన్నాళ్లకి ఒక్కటే మిగిలింది, దూరంగా, పక్కవీధిలో ఎవరో దువ్వుతున్నట్టు. ఒక పొద్దున్న లక్ష్మణమ్మ లేచి కూచుంది. విన్నది. ఏమీ లేదు. కళ్లనీళ్లు జారాయి, ఎడమకంట్లోంచి ఎక్కువ, కుడికంట్లోంచి తక్కువ.

"పోటా అత్తా?"

"కాదే. అమ్మ ఎల్లిపోనాది."

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు దవడని పారేస్తానన్నాడు. లక్ష్మణమ్మ ఒప్పుకోలేదు. ఆయన దాన్ని చాలాసేపు నీళ్లలో ఉడికించి, కాగితంలో చుట్టి తాయారు చేతికిచ్చాడు, అత్త చేతికివ్వలేదు. పోటు ఏ కాస్త కనిపించినా రైలెక్కాలనీ, చక్కెర సూది ఒక్కరోజు కూడా మానకూడదనీ చెప్పాడు. పొందూరు కాంపౌండరు రోజూ వచ్చి వేస్తానని ఒప్పుకున్నాడు.

నాగావళి ఒడ్డున లక్ష్మణమ్మ కాగితం విప్పింది. దవడ ఉడికి తెల్లబారింది. తేనెరంగు పోయింది. నీళ్లలోకి వదిలింది. మునిగేదాకా చూసి, మరి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చింది.

ఆ ఇంట్లోకి కొత్త దవడ వచ్చింది. పళ్లు కొంచెం ముతక. తాయారుదే దువ్వే పని ఇప్పుడు. లక్ష్మణమ్మ కుడిచెవి సగం పనిచెయ్యదు, మూతి ఒక పిసరు వంకర, కానీ సన్న నూలు తీసే చెయ్యి మాత్రం అలాగే ఉంది. అత్త వడుకుతుంటే కోడలు దువ్వుతుంది. పగలంతా సర్... సర్... ఇది తాయారు వరస. విదిలింపు లేదు.

ఒక సాయంత్రం ఆ చప్పుడు ఆగింది. లక్ష్మణమ్మ తలెత్తింది. గుమ్మంలో వెలుతురు తగ్గుతోంది. తాయారు కళ్లు అరమోడ్చి కూచుంది. ఏదో ఆలోచిస్తూ, దవడ కొసని కుడిచెవి దగ్గరికి ఎత్తుతోంది. చూసి నేర్చుకున్న పని. తాను చేస్తున్నదేమిటో తనకే తెలియదు.

లక్ష్మణమ్మ ఎప్పుడు లేచిందో, రాట్నాన్ని ఎలా దాటిందో ఆమెకే తెలియదు. కోడలి మణికట్టు పట్టుకుంది. దవడని లాగేసి పిడికిట్లో బిగించింది. తాయారు కెవ్వుమంది. చేతి మీద గోళ్లు దిగి ఎర్రగా రక్తం వచ్చింది.

"అత్తా! ఏటిది?"

లక్ష్మణమ్మ నోరు తెరుచుకుంది. ఒక క్షణం గాలి తప్ప ఏమీ రాలేదు. పిడికిలి ఆమెది కానట్టు బిగుసుకుపోయింది. గదిలో ఇంకెవరో ఊపిరి బిగపట్టి ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

అప్పుడు మాట వచ్చింది. మూతి ఎడమకి పోతూనే, గట్టిగా, వీధిలోకి వినబడేలా వచ్చింది.

"సెవిలో పెట్టకే! ఇంకెప్పుడూ పెట్టకే తల్లీ! నానూ మా యమ్మా ఇద్దరం సెప్తన్నాం."